నాయన సైకిలుకు మూడు గేర్లు

ప్రశ్న: నేను నల్లగొండలో పానగల్ వైపు ఉంటాను. ప్రభుత్వ పాఠశాలలో లెక్కల సారును. వయసు 43. షుగరు హద్దుల్లో ఉండాలంటే రోజూ ఒళ్ళు వంచాలని డాక్టరు చెప్పడంతో, 11 కిలోమీటర్ల దూరంలో ఉన్న బడికి సైకిల్ మీద పోతున్నాను. ఏడు కిలోమీటర్లు తారు రోడ్డు, రెండు కాలువ కట్ట మీది మొరం దారి, చివరి రెండు నల్లరేగడి బాట. పోయినేడు 21 గేర్ల సైకిల్ కొన్నాను. జూలై వానల్లో వెనక గేరు మార్చే కొక్కేనికి బురద చుట్టుకుని, అది వంగి స్పోకుల్లోకి పోయింది. రెండుసార్లు బాగు చేయించినా అదే తంతు. చక్రం నడుమ స్పోకులు తగిలించే డబ్బా, అదే హబ్, దాని లోపలే గేర్లు ఉండే సైకిళ్ళు ఉంటాయని విన్నాను. మా నాయన తొక్కిన 22 అంగుళాల నల్ల సైకిల్ ఇంట్లోనే ఉంది, ముప్పై ఏళ్ళది. దానికి ఆ గేర్లు పెట్టొచ్చా? 8 గేర్లది మంచిదా, 3 సరిపోతాయా? ఎండకూ వానకూ ఆగేలా ఎట్లా కట్టించాలి?

జవాబు:

సార్, నమస్తే.

ముందు సూటిగా చెప్తాను. మీ నాయన సైకిలుకు హబ్ గేర్లు పెట్టొచ్చు. ఎనిమిది వద్దు, మూడు చాలు. మిగిలే డబ్బును బ్రేకులకు, చైన్ కవరుకు, మంచి టైర్లకు పెట్టండి. వానాకాలం తొక్కే సైకిలులో నేను చూసేది ఒక్కటే: గేర్లు, బ్రేకులు, చైను, ఈ మూడూ బురదకు దొరక్కుండా మూత కింద ఉన్నాయా లేదా. మీరు అడిగిన ప్రతిదానికీ జవాబు అక్కడి నుంచే వస్తుంది.

మీ 21 గేర్ల సైకిలును తప్పుపట్టను. తారు రోడ్డు మీద అది హాయిగా పోతుంది. కానీ దాని గేరు కొక్కెం వెనక చక్రం పక్కన, నేలకు జానెడు ఎత్తులో వేలాడుతుంది. చైన్ దాంట్లోంచి వంకర్లు తిరిగి పోవాలి. రేగడి ఎలా అంటుకుంటుందో మీకు తెలుసు, తడి బాట మీద పది అడుగులు వేస్తే చెప్పు కిలో బరువవుతుంది. ఆ మట్టికి గడ్డి తోడై కొక్కెంలో ఉండలు కడితే చైన్ బిగుసుకుంటుంది. మనం బలం పెట్టి తొక్కుతాం. ఆ బలానికి కొక్కెం వంగుతుంది. మీరు ఎన్నిసార్లు బాగు చేయించినా ఆ బాటలో మళ్ళీ అదే జరుగుతుంది.

హబ్ గేరు మనకు కొత్తగా కనిపిస్తుంది కానీ పాత సరుకే. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో స్టర్మీ ఆర్చర్ కంపెనీ మూడు గేర్ల హబ్ 1902లో పుట్టింది. అప్పుడు ఇక్కడ ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పాలన, మా పాలమూరుకు మహబూబ్‌నగర్ అన్న పేరు వచ్చింది ఆయన మీదే. అన్నేళ్ళుగా ఇంగ్లండు వానల్లో, హాలండు కాలువ గట్ల మీద జనం ఈ హబ్‌లతోనే పనులకు పోతున్నారు.

మీరు లెక్కల సారు కాబట్టి లోపల జరిగేది లెక్కతోనే చెప్తాను. హబ్ నడుమ ఇరుసుకు అతికి ఒక పళ్ళచక్రం ఉంటుంది. అది తిరగదు. దాని చుట్టూ సూర్యుడి చుట్టూ గ్రహాల్లాగా చిన్న పళ్ళచక్రాలు తిరుగుతాయి, అవన్నీ ఒక చట్రంలో బిగించి ఉంటాయి. వాటి బయట, లోపలివైపు పళ్ళున్న వలయం. స్టర్మీ ఆర్చర్ వాళ్ళ పాత ఏడబ్ల్యూ హబ్‌లో నడిమి చక్రానికి 20 పళ్ళు, వలయానికి 60. చైన్ బలాన్ని చట్రానికి ఇచ్చి వలయం నుంచి తీసుకుంటే, చట్రం ఒక్క చుట్టు తిరిగేసరికి వలయం 1 + 20/60, అంటే 4/3 చుట్లు తిరుగుతుంది. అది పై గేరు. దాన్నే తిరగేసి, వలయానికి ఇచ్చి చట్రం నుంచి తీసుకుంటే 3/4. అది కింది గేరు. నడిమి గేరులో ఈ చక్రాల ప్రమేయం లేకుండా బలం నేరుగా చక్రానికి పోతుంది. నిష్పత్తుల పాఠం చెప్పే రోజు సైకిలును తరగతి గదిలోకే తీసుకుపోయి, పెడల్ ఒక చుట్టు తిప్పి వెనక చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో పిల్లలతో లెక్కపెట్టించండి.

ఇందులో ఒక్క విషయం గట్టిగా గుర్తుపెట్టుకోండి. నడిమి చక్రం కదలకుండా నిలబడితేనే గేరు పనిచేస్తుంది. అది ఇరుసుకే అతికి ఉంది కాబట్టి, మీరు తొక్కిన ప్రతిసారీ ఇరుసు కూడా తిరగాలని చూస్తుంది. దాన్ని తిరగనీయకుండా పట్టుకునేవి రెండు చిన్న వాషర్లు. వాటి సంగతి తర్వాత చెప్తాను, నేను వాటి వల్లే దెబ్బ తిన్నాను.

ఇక ఎనిమిదా, మూడా. షిమానో కంపెనీ ఎనిమిది గేర్ల హబ్ నెక్సస్ 8లో అన్నిటికన్నా పై గేరు కింది గేరుకు మూడు రెట్లు. వాళ్ళ మూడు గేర్ల నెక్సస్ 3లో నిష్పత్తులు 0.733, 1, 1.364, అంటే రెట్టింపుకు కొంచెం తక్కువ. కొండ ఎక్కేవాళ్ళకు ఆ తేడా పనికొస్తుంది. మీ దారిలో ఎక్కుడు అంటే కాలువ కట్ట ఎక్కే నాలుగు బారలే. ఇంకో చిక్కు వెడల్పుతో. నెక్సస్ 8 హబ్ 132 మిల్లీమీటర్లు, నెక్సస్ 3 అయితే 120. మీ నాయన సైకిల్ లాంటి పాతవాటికి వెనక ఫోర్కు రెండు కాళ్ళ మధ్య 110 చుట్టుపక్కల ఉంటుంది. స్టీలు ఫ్రేము కాబట్టి ఒక్కో వైపు నాలుగైదు మిల్లీమీటర్లు తెరవడానికి అభ్యంతరం లేదు. 132 దాకా లాగమని మాత్రం నేను చెప్పను.

నాయన సైకిల్ ఫ్రేమే ఎందుకంటే, దాని వెనక ఫోర్కులో ఇరుసు దూరే చీలికలు అడ్డంగా, వెనక్కి తెరుచుకుని ఉంటాయి. చక్రాన్ని వెనక్కి జరిపితే చైన్ బిగుస్తుంది. ఇప్పటి గేర్ల సైకిళ్ళలో చాలావాటికి చీలిక కిందికి ఉంటుంది. అలాంటి ఫ్రేముకు హబ్ గేరు పెడితే చైన్ బిగువు కోసం మళ్ళీ ఒక కొక్కెం వేలాడదీయాలి. దాన్ని వదిలించుకోవడానికే కదా ఈ పని పెట్టుకున్నది.

ఫ్రేము తెరిచే పని మెకానిక్‌తో చేయించండి, పక్కనే నిలబడండి. తెరిచాక ఒక దారం పరీక్ష ఉంది. హ్యాండిల్ కింది గొట్టానికి దారం చుట్టి, రెండు కొసలనూ వెనక చీలికల దాకా లాగి కట్టండి. సీటు కింది గొట్టానికీ దారానికీ మధ్య సందు రెండు వైపులా సమానంగా ఉండాలి. తేడా ఉంటే ఒక కాలు ఎక్కువ తెరుచుకున్నట్టు, సరిచేయించాలి. చీలికలో ఇరుసు పట్టకపోతే చీలికను ఆకురాయితో కాస్త రాయించండి, ఇరుసును మాత్రం రాయనీయొద్దు.

ఇప్పుడు పళ్ళ లెక్క. నల్ల సైకిళ్ళకు సాధారణంగా ముందు 48, వెనక 18 పళ్ళుంటాయి. మీవి కూడా లెక్కపెట్టి చూసుకోండి. 48ని 18తో భాగించి చక్రం చుట్టుకొలత 2.2 మీటర్లతో హెచ్చిస్తే, పెడల్ ఒక చుట్టుకు సైకిల్ 5.9 మీటర్లు పోతుంది. హబ్‌ను ఈ పళ్ళతోనే పెడితే మూడో గేరు ఎనిమిది మీటర్లవుతుంది, ఎదురుగాలిలో అది ఉత్తదే. వెనక 22 పళ్ళది వేయించండి. అప్పుడు నడిమి గేరుకు 4.8 మీటర్లు, కింది గేరుకు 3.5, పై గేరుకు 6.5 వస్తాయి. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకు సుమారు పన్నెండున్నర, పదిహేడు, ఇరవై మూడు కిలోమీటర్లు. నాయన ఒకే గేరుతో తొక్కినప్పటి కన్నా మీ కింది గేరు 40 శాతం తేలిక. మొరం దారికి, వీపున అన్నం డబ్బా, క్యారియర్ మీద నోటు పుస్తకాల మూటతో పోయే రోజుకు ఇది చాలు. ముందు పళ్ళచక్రాన్ని కదిలించకండి, అది కాటర్ పిన్నుతో, అంటే అడ్డంగా దిగే ఇనుప మేకుతో బిగించిన పాత పద్ధతి, గట్టిది. పెడల్ తొక్కేటప్పుడు టక్ టక్‌మంటే పిన్నులు మార్పిస్తే సరిపోతుంది.

చక్రాల దగ్గర చాలామంది తప్పటడుగు వేస్తారు. మన నల్ల సైకిలుకు ముందు రిమ్ముకు స్పోకులు దూరే కంతలు 32, వెనక రిమ్ముకు 40. హబ్ గేర్లు ఎక్కువగా 36 కంతలతో వస్తాయి. కాబట్టి పాత వెనక రిమ్ము పనికిరాదు. బాధపడకండి, ఇది మంచికే. పాత రిమ్ము స్టీలుది, తుప్పు పడుతుంది, దాని టైరు 635 మిల్లీమీటర్ల రిమ్ము కొలతది. మీరు ఇప్పటి హైబ్రిడ్ సైకిళ్ళకు వాడే 700 సి అల్యూమినియం రిమ్ములు, 36 కంతలవి, రెండు తీసుకోండి. దాని కొలత 622. వ్యాసంలో 13 తేడా, అంటే చక్రం అంచు ఆరున్నర మిల్లీమీటర్లు లోపలికి వస్తుంది, అంతే. రిమ్మును పట్టే బ్రేకు అయితే ఆ తేడాకు బ్రేకు రబ్బరు కట్టె అందదు. మీరు పెట్టబోయే బ్రేకు హబ్‌లో ఉంటుంది కాబట్టి రిమ్ము కొలతతో పనే లేదు. 700 బై 38 టైరు మీ ఫ్రేములో పడుతుంది, హైబ్రిడ్ సైకిళ్ళు అమ్మే షాపుల్లో టైరు, ట్యూబు దొరుకుతాయి.

స్పోకులు కొత్తవే కొనాలి, పాతవి పొడవు కుదరవు. హబ్ లావుగా ఉంటుంది కాబట్టి పొట్టి స్పోకులు పడతాయి. 14 గేజ్, అంటే 2 మిల్లీమీటర్ల స్టీలు స్పోకులు, మూడు దాట్ల అల్లిక, అంటే ఒక్కో స్పోకు మరో మూడింటిని దాటాలి. మా పాలమూరులో నాకు చక్రం అల్లడం నేర్పిన పెద్దాయన స్పోకు బిగువును చెవితో చూసేవాడు. రెండు స్పోకులను బొటనవేలు, చూపుడువేలితో కలిపి నొక్కి, వదిలి, వేలి గోటితో మీటేవాడు. ఒకే వైపు స్పోకులన్నీ ఒకే శ్రుతిలో మోగాలి. ఒక్కటి బొంగురుగా పలికితే అక్కడ ఆగి నిపుల్‌ను, అంటే స్పోకు కొసన ఉండే చిన్న నట్టును, పావు చుట్టు తిప్పేవాడు, మళ్ళీ మీటేవాడు. చక్రం అల్లాక అన్ని స్పోకులనూ రెండు రెండుగా గట్టిగా పిసికి మళ్ళీ సరిచూడాలి. అప్పుడు వంకెలన్నీ సర్దుకుని కూర్చుంటాయి. ఆ పని చేయని చక్రం వారం తిరక్కుండానే వదులవుతుంది. మీ మెకానిక్‌కు ఈ ఓపిక ఉంటే అతనే మీ మనిషి, హబ్ గేరు ఇంతకుముందు చూడకపోయినా పరవాలేదు.

ఇప్పుడు బ్రేకులు. సార్, ఈ జవాబులో మీరు ఒక్క పేరానే చదువుతానంటే ఇది చదవండి. నాయన సైకిలుకు ఉన్నవి రాడ్ బ్రేకులు, తీగకు బదులు ఇనుప కడ్డీలతో లాగేవి. పొడి రోజుల్లో అవి నిలబెడతాయి. వానలో తడిసిన క్రోమ్ రిమ్ము మీద రబ్బరు కట్టెలు జారుతాయి. బ్రేకు పట్టినా సైకిల్ పోతూనే ఉంటుంది. బడి పిల్లలు రోడ్డు దాటే వేళకు, వెనక లారీ ఉన్న వేళకు ఆ బ్రేకుల మీద ప్రాణం పెట్టలేం. వాటిని పూర్తిగా తీసేయండి.

ముందు చక్రానికి డ్రమ్ బ్రేకు ఉన్న హబ్ పెట్టండి. స్టర్మీ ఆర్చర్‌లో 70 మిల్లీమీటర్ల డ్రమ్ముతో వస్తుంది, స్కూటర్ల బ్రేకు పద్ధతే. లైనింగు లోపల ఉంటుంది కాబట్టి వాన ఉన్నా లేకున్నా ఒకేలా పడుతుంది. కొత్తలో మెత్తగా పడుతుంది, కొన్నాళ్ళు తొక్కాక లైనింగు ఒరుసుకుని సరిపడుతుంది. దానికి పక్కన ఒక స్టీలు చేయి ఉంటుంది. దాన్ని ఫోర్కు కాలుకు క్లిప్పుతో గట్టిగా బిగించాలి. బ్రేకు పట్టినప్పుడు హబ్ మొత్తం తిరగాలని చూస్తుంది, ఆపేది ఆ చేయే. ముందు ఫోర్కు వెడల్పు కూడా కొలవండి, ఆ హబ్‌కు 100 మిల్లీమీటర్లు కావాలి.

వెనక, నెక్సస్ 3లోనే వెనక్కి తొక్కితే పడే బ్రేకు ఉన్న రకం తీసుకోండి. నేను నడిపేది అదే. దానికి బ్రేకు తీగ లేదు, లివరు లేదు, బురద పట్టే చోటే లేదు. పెడల్‌ను వెనక్కి నొక్కితే హబ్ లోపలే పడుతుంది. మొదటి వారం కాలు తికమక పడుతుంది. ఆగినప్పుడు పెడల్‌ను వెనక్కి తిప్పి పైకి తెచ్చుకునే అలవాటు మనందరిదీ, అది ఇక కుదరదు. ఖాళీ మైదానంలో రెండు సాయంత్రాలు తిరగండి, టెన్షన్ పోతుంది. దీనికో హద్దు ఉంది: చైన్ తెగినా జారినా వెనక బ్రేకు పోతుంది. అందుకే ముందు డ్రమ్ తప్పనిసరి అంటున్నాను. పాత హ్యాండిల్‌కు రాడ్ లివర్లు అతికే ఉంటాయి కాబట్టి హ్యాండిల్ కూడా మారుతుంది. వీపు నిటారుగా ఉండేలా, కొసలు వెనక్కి వంగిన హ్యాండిల్ తీసుకోండి.

హబ్ నల్లగొండలో షాపులో దొరకదు, తెప్పించుకోవాల్సిందే. తెప్పించేటప్పుడు ఒక జాగ్రత్త. చాలాసార్లు హబ్ ఒక్కటే వస్తుంది. గేరు మీట, తీగ, తీగ లాగుడును లోపలికి అందించేలా ఇరుసు కొసకు తగిలించే బెల్ క్రాంక్, ఇరుసు లోపల దూరే సన్నని కడ్డీ, 22 పళ్ళ చక్రం, మూత నట్లు, తిరగనీయని వాషర్లు విడిగా అమ్ముతారు. ఆ కడ్డీ పొడవు ఇరుసు పొడవును బట్టి మారుతుంది. ఇవన్నీ ఆ హబ్‌కు సరిపోయేవేనా అని రాసి అడిగి, జవాబు వచ్చాకే డబ్బు కట్టండి. ఒక్క కడ్డీ కోసం నెల రోజులు సైకిల్ మూలన పడటం నేను చూశాను.

ఇక ఆ వాషర్లు. నా సైకిలుకు హబ్ వేసిన మొదటి ఏడు, ఎడమవైపు వాషర్ చీలికలో పట్టలేదు. నట్టు బాగా బిగిస్తే చాలులే అనుకుని మామూలు వాషర్ వేశాను. రెండు నెలలు ఏమీ కాలేదు. ఒక సాయంత్రం కూరగాయల సంచితో మా అప్పన్నపల్లి బ్రిడ్జి ఎక్కుతూ పెడల్స్ మీద నిలబడి తొక్కాను. ఇరుసు చీలికలో కొంచెం తిరిగింది. గేరు తీగ కొలత మారిపోయింది, గేరు పట్టు వదిలింది. కాలి కింద పెడల్ ఒక్కసారిగా ఖాళీ అయి, మోకాలు హ్యాండిల్‌కు తగిలి రోడ్డు పక్కకు పడ్డాను. వెనక వస్తున్న వ్యాను దూరంగా ఉండబట్టి బతికిపోయాను. మోకాలికి రెండు నెలలు పట్టింది. మీకు అది జరగకూడదు. రెండు వైపులా హబ్‌తో వచ్చిన వాషర్లే, వాటి కొమ్ము చీలికలో కూర్చునేలా పడాలి. పట్టకపోతే చీలికను సరిచేయించండి, వాషర్‌ను మానేయకండి. వెనక బ్రేకు చేయిని కూడా కింది గొట్టానికి క్లిప్పుతో బిగించారా లేదా చూడండి. చక్రం విప్పిన ప్రతిసారీ ఈ రెండూ మీరే కళ్ళతో చూసుకోండి.

గేరు సర్దడం తేలిక. మీటను 2 మీద పెట్టండి. బెల్ క్రాంక్ మీద చిన్న కిటికీ ఉంటుంది, లోపలి గుర్తు రెండు గీతల మధ్యకు రావాలి. రాకపోతే తీగ కొసన ఉన్న మరను తిప్పితే జరుగుతుంది. కొత్త తీగ సాగుతుంది కాబట్టి మొదటి నెల వారానికోసారి చూడండి. తొక్కేటప్పుడు గేరు మార్చాలంటే కాలి బలాన్ని ఒక్క క్షణం వదిలి మీట తిప్పాలి. ఇంకో సుఖం ఏంటంటే, ఆగి ఉన్నప్పుడూ గేరు మారుతుంది. గడియారం సెంటర్‌లో ఆటో అడ్డం వచ్చి ఆగినా, మీట ఒకటికి తిప్పి తేలిగ్గా కదలొచ్చు. బెల్ క్రాంక్ కుడివైపు బయటికి పొడుచుకుని ఉంటుంది, సైకిలును ఆ వైపు పడనీయకండి.

చైన్ కవరు గురించి. నల్ల సైకిలుకు చైనును పూర్తిగా మూసే రేకు కవరు ఉంటుంది. మీది ఊడదీసి అటక మీద పెట్టి ఉంటే దించండి. చైన్ మూత కింద ఉంటే వానకు నూనె కడుక్కుపోదు, ప్యాంటుకు మరకలుండవు. 22 పళ్ళ చక్రం పాత 18 కన్నా అన్ని వైపులా 8 మిల్లీమీటర్లు పెద్దది, కవరు వెనక భాగానికి తగులుతుందేమో చక్రం బిగించే ముందే చూడండి. తగిలితే 20 పళ్ళతో సరిపెట్టుకోండి, కవరును మాత్రం వదలొద్దు. చైన్ నడుమ వేలితో ఎత్తితే అర అంగుళం ఆడాలి. మరీ బిగిస్తే హబ్ బేరింగులు అరుగుతాయి.

మడ్‌గార్డులు పాతవే ఉంచండి. ముందు మడ్‌గార్డుకు కింద పాత ట్యూబు ముక్కను నేలకు నాలుగు వేళ్ళ ఎత్తు దాకా వేలాడదీయించండి. కాళ్ళ మీదికి, చైన్ కవరు మీదికి ఎగిరే బురద సగానికి సగం అక్కడే ఆగుతుంది. టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య రెండు వేళ్ళ సందు ఉండాలి. అయినా సార్, నిజం చెప్పాలి. గట్టి వాన పడ్డ మర్నాడు తడి రేగడిలో ఏ సైకిలూ పోదు. మట్టి మడ్‌గార్డు కింద నిండి చక్రం బిగుసుకుంటుంది. అలాంటి రోజు ఆ రెండు కిలోమీటర్లు దిగి గట్టు పక్క గడ్డి మీద నడిపించుకుంటూ పోండి, లేదా బాట మొదట్లో తెలిసినవాళ్ళ ఇంట్లో సైకిల్ పెట్టి నడవండి. వాగు పొర్లుతుంటే సైకిల్ ఎత్తుకుని కూడా దాటొద్దు, తిరిగి ఇంటికి వెళ్ళండి.

నీళ్ళ గురించి ఇంకో మాట. తొక్కి తొక్కి వేడెక్కిన హబ్‌ను చల్లని నీళ్ళలో ముంచితే, లోపలి గాలి ముడుచుకుని బయటి నీళ్ళను లోపలికి పీల్చుకుంటుంది. మోకాలి లోతు నీళ్ళలో సైకిలును దించకండి. బండ్లు కడిగే షాపులో ప్రెషర్ నీళ్ళతో కడిగించొద్దు, ఆ ధార సీళ్ళను దాటి గ్రీజును కడిగేస్తుంది. బక్కెట్టు నీళ్ళు, గుడ్డ చాలు. దసరా సెలవుల్లో, వానలు వెనకబట్టాక, ఏడాదికోసారి హబ్‌ను విప్పించి పాత గ్రీజు తుడిచి కొత్తది పెట్టించండి. మీరు ఏడాదికి నాలుగైదు వేల కిలోమీటర్లు తిరుగుతారు, దానికి ఆ మాత్రం చేయాలి.

కాలువ కట్ట అంటే సర్కారు తుమ్మ. ఆ ముల్లు మామూలు టైరును దాటి ట్యూబును గుచ్చుతుంది. పంక్చర్ ఆపే పొర ఉన్న టైరు కొనండి. పాత ట్యూబును వాల్వు దగ్గర కోసి, నిలువునా చీల్చి, టైరుకూ కొత్త ట్యూబుకూ మధ్య పొరగా వేయించండి, మన మెకానిక్‌లందరికీ తెలిసిన పద్ధతే. వెనక 55, ముందు 45 పీఎస్‌ఐ గాలి చాలు. హబ్ గేరు ఉంటే పంక్చర్ అయినప్పుడు చక్రం ఎలా విప్పాలి అని చాలామంది భయపడతారు. విప్పనక్కర్లేదు. చైన్ లేని ఎడమవైపు టైరును అంచు నుంచి ఊడదీసి ట్యూబును బయటికి లాగి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి ప్యాచ్ వేస్తే అయిపోతుంది. రోడ్డు పక్క పంక్చర్ షాపులవాళ్ళు అన్ని సైకిళ్ళకూ చేసేది అదే. ముల్లు టైరులోనే ఉందేమో వేలికి గుడ్డ చుట్టి లోపలంతా తడిమి చూడండి.

వాన సంగతి ఇంత రాశాను కానీ మీ ఊళ్ళో నన్ను భయపెట్టేది ఎండ. మార్చి నడుమ ఒంటిపూట బడులు మొదలవుతాయి. పొద్దున ఎనిమిదికి చల్లగా పోతారు, తిరిగి వచ్చేది పన్నెండున్నరకు. నల్లగొండ ఏప్రిల్ ఎండలో 11 కిలోమీటర్లు, అందులో నీడ లేని కాలువ కట్ట. షుగరు ఉన్న మనిషికి అది మంచిది కాదు. ఏప్రిల్లో వడగాలి మొదలయ్యాక సైకిలును బడిలోనే తాళం వేసి బస్సులో రండి, లేదా సాయంత్రం ఐదు దాకా అక్కడే ఉండి రండి. ఎండాకాలం తొక్కే రోజుల్లో రెండు లీటర్ల నీళ్ళు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు, తలకు తడి తువ్వాలు తప్పనిసరి. ఏ మందు వేసుకుని ఎంతసేపు తొక్కొచ్చో డాక్టరును ఒకసారి అడగండి. సైకిలును కూడా చెట్టు నీడన పెట్టండి, ఎండకు టైరు పక్కలు పగుళ్ళిస్తాయి.

సమయం చూసుకుందాం. వేసవి సెలవులు ఏప్రిల్ చివర్లో మొదలవుతాయి, బడులు జూన్ 12న తెరుస్తారు. సామాన్లన్నీ మార్చిలోనే తెప్పించుకుంటే మే నెలంతా చేతిలో ఉంటుంది. చక్రాలు అల్లించాక మొదటి వంద కిలోమీటర్లు ఊళ్ళోనే, పానగల్ ఉదయసముద్రం కట్ట దాకా పొద్దున్నే వెళ్ళి రండి. తర్వాత స్పోకుల బిగువు, రెండు వైపుల నట్లు, బ్రేకు చేతుల క్లిప్పులు మళ్ళీ సరిచూపించండి. తొలకరికి సైకిల్ సిద్ధంగా ఉంటుంది.

ముందు మీరు చేయాల్సింది ఒక స్కేలు పట్టుకుని వెనక ఫోర్కు కాళ్ళ మధ్య లోపలి వెడల్పు, ముందు ఫోర్కు వెడల్పు, రెండు చీలికల మందం, ముందు పళ్ళచక్రం పళ్ళు, ఈ నాలుగూ రాసి నాకు పంపండి. రిమ్ములు కొన్నాక వాటి లోపలి వ్యాసం కూడా పంపితే, ఏ వైపు ఎంత పొడవు స్పోకులు పడతాయో లెక్క వేసి రాస్తాను. అప్పటిదాకా నాయన సైకిలును అమ్మకండి, ఎవరు అడిగినా ఇవ్వకండి.